జాగ్వార్ ఇ-టైప్ కొనేముందు: నంబర్లు కలిస్తే ఒరిజినలేనా? అపోహలు - వాస్తవాలు

"హెరిటేజ్ సర్టిఫికెట్ ఉందండీ. ప్లేటు మీద నంబర్లన్నీ దాంతో కలిశాయి. మీరొకసారి ఫొటోలు చూసి ఓకే అంటే డబ్బు కట్టేస్తాం." ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో ఇ-టైప్ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు చూసుకున్న మనవాళ్ళు ఎక్కువగా ఈ మాటతోనే వస్తారు. పంపిన ఫొటోల్లో మెరిసే బానెట్, వైర్ వీల్స్, ఇంజిన్ దగ్గరి అల్యూమినియం ప్లేటు ఉంటాయి. ఇనుము మీది పంచింగ్, అంటే సుత్తితో అచ్చు కొట్టిన నంబరు, దాని ఫొటో మాత్రం ఒక్కటీ ఉండదు.

అపోహ: ప్లేటు, సర్టిఫికెట్ కలిశాయి కాబట్టి కారు ఒరిజినల్.

వాస్తవం: అవి రెండూ కలవకపోతేనే ఆశ్చర్యపోవాలి. ఖాళీ ప్లేటు స్పేర్ పార్టుల షాపులో దొరుకుతుంది. దాని మీద ఏ నంబరు కొట్టాలో సర్టిఫికెట్టే చెబుతుంది, బిగించడానికి నాలుగు రివెట్లు చాలు. ఇక జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్ ఇచ్చే సర్టిఫికెట్ ఫ్యాక్టరీ రిజిస్టర్ల నుంచి ఎత్తి రాసింది. ఫలానా చాసిస్ నంబరు కారు ఏ ఇంజిన్, ఏ గేర్‌బాక్స్, ఏ రంగు, ఏ సీట్లతో ఏ తేదీన కోవెంట్రీ ఫ్యాక్టరీ నుంచి బయలుదేరి ఏ డీలరుకి వెళ్ళిందో అందులో ఉంటుంది. ఈ రోజు మీ ముందున్న కారు అదేనని ఆ కాగితం ఎక్కడా అనదు. అది నంబరు జాతకం, అంతే.

ఈ కారు నిర్మాణం వల్ల ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. క్యాబిన్ నుంచి వెనుక భాగమంతా మోనోకాక్, అంటే విడి చాసిస్ లేకుండా బాడీయే బరువు మోసే నిర్మాణం. ముందు భాగం రేనాల్డ్స్ 541 ఉక్కు గొట్టాలతో చేసిన ఫ్రేములు, వాటిని బల్క్‌హెడ్‌కి (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడకి) బోల్టులతో బిగిస్తారు. చాసిస్ నంబరు పంచింగ్ ఉండేది సరిగ్గా ఆ ముందు భాగంలోనే: పిక్చర్ ఫ్రేము (ఫొటో ఫ్రేములా ఉండే ముందు చట్రం) పైన కుడివైపు, డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) బిగింపుకి కాస్త ఎగువన. అంటే కారుకి గుర్తింపుగా నిలిచే నంబరు బోల్టులు విప్పితే ఊడొచ్చే భాగం మీద ఉంది. ఆ గొట్టాలు లోపలి నుంచి తుప్పు పడతాయి, అతుకుల దగ్గర చిట్లుతాయి. బ్యాటరీ యాసిడ్ కారితే దాని కింది గొట్టం తినేస్తుంది. ముందు నుంచి చిన్న గుద్దుడు తగిలినా వంకర పోతాయి. అందుకే 60 ఏళ్ళ కార్లలో చాలావాటికి ఫ్రేములు మారి ఉంటాయి. కొత్త ఫ్రేము నంబరు లేకుండా వస్తుంది, దాని మీద ఎవరో ఒకరు కొట్టాల్సిందే. నిజాయితీగా రీస్టోర్ చేసినవాడు పాత నంబరే కొట్టి, పాత ముక్క, బిల్లు, ఫొటోలు దాచి ఉంచుతాడు. మోసగాడు స్క్రాప్ అయిన కారు కాగితాలు కొని ఇంకో షెల్ (ఖాళీ బాడీ) మీద అదే పని చేస్తాడు. ఇనుము చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేడా తెలిసేది పాత ముక్క, బిల్లు, పని జరుగుతున్నప్పటి ఫొటోల వల్లే.

ఫ్రేము మారిందనగానే కంగారు పడి కారు వదిలేసుకోవద్దు. ఇంజిన్, ముందు సస్పెన్షన్ రెండూ మోసేది అవే. ఒరిజినల్ అన్న పేరుతో పుచ్చిన గొట్టం మీద ప్రయాణం చేయలేరు కదా.

చూసే వరుస తిరగేయండి. మొదట ఇనుము, తర్వాత ప్లేటు, చివర సర్టిఫికెట్. కుడి, ఎడమలు డ్రైవరు సీటు నుంచి లెక్క. పిక్చర్ ఫ్రేము మీది చాసిస్ నంబరు చదివి రాసుకోండి. ఇంజిన్ నంబరు బ్లాకు కుడివైపు ఆయిల్ ఫిల్టరుకి పైన ఉంటుంది, అదే నంబరు సిలిండర్ హెడ్ ముందు భాగంలోనూ ఉండాలి. గేర్‌బాక్స్ నంబరు కేసింగ్ ఎడమ వెనుక మూలన, పై మూత మీద ఉంటుంది. మూత చూడాలంటే లోపల టన్నెల్ (గేర్‌బాక్స్ మీది కవరు) విప్పాలి, అమ్మేవాళ్ళు ఒప్పుకోరు. లిఫ్ట్ ఎక్కించి కింద నుంచి చిన్న అద్దంతో కేసింగ్ మీదిదైనా చూడండి. బాడీ నంబరు విడిగా చిన్న ప్లేటు మీద ఉంటుంది, కాబట్టి దానికిచ్చే విలువ కూడా రివెట్లంతే.

పెయింటు కప్పేసి ఉంటే థిన్నర్ గుడ్డతో తుడవండి. సాండ్ పేపరు, వైర్ బ్రష్ పెట్టొద్దు, ఉన్న సాక్ష్యం అరిగిపోతుంది. టార్చి పక్క నుంచి ఏటవాలుగా కొట్టి ఫొటో తీయండి. ఫ్యాక్టరీలో అంకెలు చేత్తో పంచి కొట్టినవే, కాబట్టి ఒక అంకె కాస్త పైకో లోతుకో ఉండడం సహజం. గీత గీసినట్టు మెషీన్‌తో చెక్కిన అంకెలు, కొత్త అంకె కింద పాత అంకె నీడ, చుట్టూ గ్రైండరు గీతలు, నంబరున్న ముక్క చుట్టూ వెల్డింగ్: వీటిలో ఏది కనిపించినా బేరం ఆపి వివరణ, రుజువు అడగండి.

ఇంజిన్ నంబరు ముందున్న అక్షరాలు చాలా చెబుతాయి. 3.8 లీటర్ల కారులో ఆర్ లేదా ఆర్‌ఎ ఉండాలి. మొదటి తరం (సిరీస్ 1)లోనే 1964 అక్టోబరులో వచ్చిన 4.2 లీటర్ల కారులో 7ఇ, రెండో తరం సిరీస్ 2లో 7ఆర్. ఇక జాగ్వార్ వేరే మోడళ్ళవి: 7డి అయితే మార్క్ టెన్ ఇంజిన్, 7ఎఫ్ అయితే 420ది, 7ఎల్ అయితే ఎక్స్‌జె6ది. ఇవి ఇ-టైపులో పడతాయి, నడుస్తాయి, ధర మాత్రం వేరు. నంబరు చివర 8 లేదా 9 కంప్రెషన్ నిష్పత్తి.

అపోహ: రైట్ హ్యాండ్ స్టీరింగ్ ఉంది కాబట్టి ఇంగ్లండ్‌లో అమ్మిన కారే.

వాస్తవం: 3.8లో 850, 860తో మొదలయ్యే చాసిస్ నంబర్లు రైట్ హ్యాండ్ రోడ్‌స్టర్ (మడిచే టాప్ ఉన్నది), కూపే (గట్టి కప్పు ఉన్నది). 875, 885 లెఫ్ట్ హ్యాండ్‌వి. సిరీస్ 1 4.2లో రైట్ హ్యాండ్ రోడ్‌స్టర్ 1ఇ1001 నుంచి, కూపే 1ఇ20001 నుంచి మొదలవుతాయి. లెఫ్ట్ హ్యాండ్‌లో రోడ్‌స్టర్ 1ఇ10001, కూపే 1ఇ30001. అమెరికా వెళ్ళిన కార్లు ఎన్నో బ్రిటన్‌కి తిరిగొచ్చి స్టీరింగ్ మార్చుకున్నాయి. అది నేరమేమీ కాదు, ఆ కారుకి ఫ్యాక్టరీ రైట్ హ్యాండ్ ధర పెట్టకండి.

అపోహ: టాప్ లేదు కాబట్టి రోడ్‌స్టర్.

వాస్తవం: కూపే పైకప్పు కోసేసిన కార్లున్నాయి. పై నంబర్లతోనే చాలా వరకు బయటపడతాయి. టేపు కూడా పెట్టండి: రెండు సీట్ల సిరీస్ 1, 2 కార్ల వీల్ బేస్ 96 అంగుళాలు, వెనుక రెండు చిన్న సీట్లున్న 2+2ది 105. 12 సిలిండర్ల (వి12) సిరీస్ 3 మాత్రం కూపే అయినా రోడ్‌స్టరైనా 105.

అపోహ: హెడ్‌లైట్ల మీద అద్దం ఉంటే సిరీస్ 1.

వాస్తవం: 1967లో తీసేసిన అద్దాలను తర్వాతి కార్లకి తగిలించడం మామూలే. బానెట్ మొత్తం మార్చినా ఎవరికీ తెలియదు. మొదటి 500 కార్ల బానెట్ బయటి తాళాలు, 1962 మొదట్లో ఆగిపోయిన ఫ్లాట్ ఫ్లోర్ (కాళ్ళ దగ్గర గుంత లేని నేల) కూడా నకలు చేస్తున్నారు. నంబరు తొలి కార్లదైతేనే వాటికి విలువ.

అపోహ: మాగ్నెట్ అంటకపోతే పుట్టీ పెట్టారన్నట్టే.

వాస్తవం: యూట్యూబ్ చూసి మాగ్నెట్ పట్టుకొచ్చేవాళ్ళకి ఓపిగ్గా చెప్పక తప్పదు. ఈ బాడీ చిన్న చిన్న రేకులు అతికి చేసింది. వెనుక రేకు, సిల్ (తలుపు కింది అంచు) కలిసేచోట లాంటి అతుకుల్ని ఫ్యాక్టరీలోనే సీసం పోసి నింపారు. సీసానికీ మాగ్నెట్ అంటదు. అతుకు దగ్గర కాకుండా తలుపు మధ్యలో, వీల్ ఆర్చి చుట్టూ అంటకపోతే అప్పుడు అనుమానించండి.

అపోహ: ఒక్క పార్టు మారినా ఒరిజినాలిటీ పోయినట్టే.

వాస్తవం: హోసులు, డైనమో, వైరింగ్ మారకుండా ఏ కారూ ఇన్నేళ్ళు నడవదు. లూకాస్ కంపెనీ ఎలక్ట్రికల్ పార్టుల మీద నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి. కారు తయారీకి కొన్ని నెలల ముందు తేదీ ఉంటే సబబు, తర్వాతి తేదీ ఉంటే మార్చారు. విప్పిన పాత పార్టులు డబ్బాలో పెట్టి ఇస్తారేమో అడగండి.

ఇండియాలో రిజిస్టర్ చేయాలనుకునేవాళ్ళకి ఒరిజినాలిటీ చట్టం విషయం కూడా. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేస్తారు. అప్పుడు నంబరులో విఎ అక్షరాలు వస్తాయి. ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు, మళ్ళీ చేయిస్తే 5,000. రోజువారీ వాడకం కుదరదు. ఇ-టైప్ తయారీ 1974లో ఆగిపోయింది కాబట్టి వయసుతో ఇబ్బంది లేదు. చాసిస్, బాడీ షెల్, ఇంజిన్ పెద్ద మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉండాలన్న షరతు మాత్రం ఉంది. కప్పు కోసిన కూపే, ఎక్స్‌జె6 ఇంజిన్ ఎక్కించిన రోడ్‌స్టర్ అక్కడే ఇరుక్కుంటాయి.