స్టేక్‌హౌస్‌కి వెళ్లేముందు: చెయిన్, సొంత హోటల్ గురించి అపోహలు - వాస్తవాలు

అమెరికాలో టీమ్ డిన్నర్ అనగానే ఈ చర్చ మొదలవుతుంది. స్టేక్ అంటే మందంగా కోసి కాల్చే బీఫ్ ముక్క. అది తినడానికి ఊరూరా బ్రాంచీలున్న చెయిన్‌కి వెళ్దామా, ఊళ్లో ఒకటే బ్రాంచి ఉన్న పాత సొంత స్టేక్‌హౌస్‌కి వెళ్దామా? గ్రిల్ దగ్గర పనిచేసేవాళ్లు మాత్రం బోర్డు చూడరు, ముక్క చూస్తారు.

అపోహ: చెయిన్‌లో ముక్కలు ఎక్కడో కోసి పంపిస్తారు, సొంత హోటల్లో అక్కడికక్కడే కోస్తారు.

టెక్సాస్ రోడ్‌హౌస్ చెయినే. అయినా దాదాపు ప్రతి బ్రాంచిలో చల్లటి గదిలో నిలబడి స్టేకులు చేత్తో కోసే మనిషి ఉంటాడు. చిన్న హోటళ్లలో చాలావాటికి ఆ స్థోమత ఉండదు, కోసి ప్యాక్ చేసిన ముక్కలే తెప్పించుకుంటాయి. "ఇక్కడే కోస్తారా?" అని అడిగితే ఒక్క మాటలో తేలిపోతుంది. పేర్లని కూడా నమ్ముకోవద్దు: టెక్సాస్ రోడ్‌హౌస్ 1993లో ఇండియానాలో మొదలైంది, ఆస్ట్రేలియా వేషం కట్టిన అవుట్‌బ్యాక్ చెయిన్ 1988లో ఫ్లోరిడాలోని టాంపాలో పుట్టింది.

అపోహ: సొంత హోటల్ అంటే ప్రైమ్ మాంసమే.

యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) గ్రేడ్లలో మెనూల్లో కనబడేవి మూడు, పై నుంచి కిందికి: ప్రైమ్, చాయిస్, సెలెక్ట్. 12, 13 పక్కటెముకల మధ్య కోసి, కండలో కొవ్వు చారలు ఎంత దట్టంగా ఉన్నాయో, పశువు వయసెంతో చూసి ఇస్తారు. "యాంగస్" జాతి పేరు, గ్రేడ్ కాదు. రూత్స్ క్రిస్ చెయిన్ అయ్యుండీ ప్రైమ్‌తోనే పేరు తెచ్చుకుంది. మెనూలో గ్రేడ్ రాయలేదంటే ప్రైమ్ అనుకోవద్దు. ప్రైమ్ కొన్నవాళ్లు ఆ మాట దాచుకోరు.

అపోహ: 12 ఔన్సులంటే ప్లేటులో 12 ఔన్సులు.

అది పచ్చి ముక్క బరువు. కాలేసరికి దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. అంటే చేతికొచ్చేది 9 ఔన్సులు, సుమారు 255 గ్రాములు. లోపలిదాకా పూర్తిగా కాల్చే వెల్‌డన్ అయితే ఇంకా తక్కువ.

అపోహ: ప్లేటులో ఎర్రగా కారేది రక్తం, కాబట్టి వెల్‌డన్ చెప్పడమే మంచిది.

మనవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ఆ ఎరుపు మయోగ్లోబిన్ అనే కండరాల ప్రోటీన్ కలిసిన నీరు. ముక్క మధ్యలో వేడి, తక్కువ కాల్చిన మీడియం రేర్‌కి 130-135 డిగ్రీల ఫారన్‌హీట్, మీడియం 140-145, మీడియం వెల్ 150-155, వెల్‌డన్ 160 పైన. ఒకటిన్నర అంగుళాల ముక్క మధ్యలో 160కి చేరాలంటే పైన మాడకుండా సెగ తక్కువ ఉన్న పక్కకి జరిపి ఓపిక పట్టాలి. శనివారం రాత్రి రద్దీలో ఆ ఓపిక ఉండదు. గరిటెతో అదిమితే సుయ్యిమంటూ రసమంతా నిప్పుల్లోకి పోతుంది, మిగిలేది పీచు. గులాబీ రంగు గిట్టకపోతే మీడియం వెల్ చెప్పి, కొవ్వున్న రిబై ముక్క తీసుకోండి. కొవ్వు తక్కువున్న ఫిలే ముక్క ఆ వేడికి ఎండిపోతుంది. ప్లేటు రాగానే, సర్వర్ పక్కనుండగానే, సరిగ్గా మధ్యలో కోసి చూడండి. తక్కువ కాలితే మళ్లీ గ్రిల్ ఎక్కిస్తారు. ఎక్కువ కాలితే కొత్త ముక్కే పెట్టాలి.

ఒక జాగ్రత్త. మెత్తబడటానికి సూదులు, బ్లేడ్లతో పొడిచిన మాంసంలో పైనున్న క్రిములు లోపలికి వెళ్తాయి. దాన్ని 145 డిగ్రీలకి తెచ్చి, దించాక 3 నిమిషాలు ఆగనివ్వాలి. చెయిన్ అయినా, సొంత హోటలైనా మాంసాన్ని ఇలా పొడిచారా అని అడగాల్సిందే.

అపోహ: మెనూ ధర చూస్తే బిల్లు తెలిసిపోతుంది.

మధ్యరకం చెయిన్లలో స్టేకుతో సాధారణంగా రెండు సైడ్లు (పక్కన పెట్టే వంటకాలు) వస్తాయి. ఖరీదైన చోట్ల బంగాళాదుంపకీ విడిగా కట్టాలి. ఆపైన 18-20 శాతం టిప్.

అపోహ: బీఫ్ తినకపోతే సైడ్లతో సరిపెట్టుకోవచ్చు.

సైడ్లే చూసుకోవాలి. బేక్డ్ పొటాటో మీదా, గ్రీన్ బీన్స్‌లోనూ తరచుగా బేకన్ (పంది మాంసం) ముక్కలుంటాయి. కొన్నిచోట్ల ఫ్రైస్ బీఫ్ కొవ్వులోనే వేగుతాయి. చికెన్, సాల్మన్ అదే గ్రిల్ మీద కాలుతాయి. పట్టింపు ఉంటే ఆర్డర్ ఇచ్చేటప్పుడే విడిగా పెనం మీద చేయమని చెప్పండి, ప్లేటు వచ్చాక చెప్తే లాభం లేదు.