మంచుదేశంలో కాంక్రీట్ పార్కింగ్: అపోహలు - వాస్తవాలు

మిన్నియాపొలిస్, షికాగో, టొరంటో చుట్టుపక్కల గుడికో కమ్యూనిటీ హాలుకో పార్కింగ్ వేయించే పని పడిందంటే, కమిటీలో ఊళ్లో దగ్గరుండి సొంతిల్లు కట్టించినవాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. శ్లాబు పోయించడం, మడి కట్టి నీళ్లు పెట్టడం, గచ్చు నున్నగా తేల్చడం వాళ్లకు కొట్టిన పిండి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. విజయవాడలో కాంక్రీటును పట్టుకున్న తడి దానికి మేలే చేస్తుంది. అదే తడి ఇక్కడ ఒక్క చలికాలంలో పదుల సార్లు గడ్డకట్టి కరుగుతుంది. గడ్డకట్టిన ప్రతిసారీ 9 శాతం ఉబ్బుతుంది. పైగా మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. అందుకే పార్కింగ్‌లో ముందు పాడయ్యేది పై 5 మిల్లీమీటర్లు, తర్వాత జాయింట్లు, అంటే శ్లాబును గళ్లుగా విడదీసే కోతలు.

అపోహ: కాంక్రీటు గ్రేడు (బలం తరగతి) పెంచితే చాలు, చలి ఏమీ చేయదు.

గ్రేడు ఒక్కటే పెంచితే ఖర్చు పెరుగుతుంది, అంతే. గాలి బుడగలు లేని కాంక్రీటు 40 మెగాపాస్కల్‌ది (ఇది బలానికి కొలత) అయినా తడిసి గడ్డకడుతూ ఉంటే కొన్ని శీతాకాలాలకు పెచ్చులూడుతుంది. దాన్ని కాపాడేది ఎయిర్ ఎంట్రైనింగ్ అడ్మిక్స్చర్, అంటే కాంక్రీటులో గాలి పట్టించే మందు, పుట్టించే సన్నటి బుడగలు. గడ్డకడుతున్న నీరు పక్కనే ఉన్న బుడగలోకి తప్పుకుంటుంది కాబట్టి సిమెంటు ముద్ద చిట్లదు. బుడగ దగ్గరలో ఉండాలి: ముద్దలో ఎక్కడ చూసినా సుమారు 0.2 మిల్లీమీటర్ల దూరంలోనే ఒకటి దొరకాలి. ఈ సంగతి కాస్త తమాషాగా బయటపడింది. 1930ల్లో న్యూయార్క్ రాష్ట్రంలో కొన్ని రోడ్లు మిగతావాటికంటే బాగా నిలిచాయి. ఆరా తీస్తే, ఆ సిమెంటు మరపట్టేటప్పుడు పశువుల కొవ్వు కలిసిందనీ, దానివల్లే బుడగలు ఏర్పడ్డాయనీ తేలింది.

లెక్కలకొస్తే, 20 మి.మీ. కంకరకు అమెరికా కాంక్రీటు నియమావళి ఏసీఐ 318 అడిగేది 6 శాతం గాలి, అటూ ఇటూ ఒకటిన్నర. కెనడా సీఎస్ఏ ప్రమాణంలో ఇలాంటి పార్కింగ్ సీ-2 తరగతి కిందికి వస్తుంది: 32 మెగాపాస్కల్, నీరు-సిమెంటు నిష్పత్తి 0.45 మించకుండా, గాలి 5 నుంచి 8 శాతం. మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 కూడా మంచు ప్రాంతాలకు, ఎం50 (50 మెగాపాస్కల్) కంటే తక్కువ గ్రేడులో 20 మి.మీ. కంకరకు 5 శాతం చెబుతుంది. లేహ్‌లోనో మనాలిలోనో పనిచేసేవాళ్లకు అది పనికొచ్చే మాట. గాలి ఒక శాతం పెరిగితే బలం దాదాపు 5 శాతం తగ్గుతుంది. దాన్ని నీళ్లు తగ్గించి పూడ్చుకోవాలి.

కాంక్రీటు కలిపి పంపే ప్లాంటు ఇచ్చిన చీటీలో 6 శాతం అని ఉంటే సరిపోదు. దారిలో తిరిగిన సమయం, ఎండ, పంపు, ఫ్లైయాష్ (సిమెంటుతో కలిపే బొగ్గు బూడిద)లోని కార్బన్ అన్నీ గాలిని మార్చేస్తాయి. మొదటి ట్రక్కు నుంచి పావు ఘనమీటరు దిగాక నమూనా తీసుకోండి. పంపుతో పోస్తుంటే గొట్టం చివర తీసుకోండి. గాలి శాతం కొలిచే ప్రెషర్ మీటరు గిన్నెలో మూడు పొరలుగా నింపి, పొరకు 25 పోట్లు పొడిచి, పక్కల రబ్బరు సుత్తితో పది పదిహేను దెబ్బలు తట్టి, పైన బద్దతో సమం చేయాలి. గిన్నె అంచు బాగా తుడవాలి, ఇసుక రేణువున్నా మూత దిగదు. మూత బిగించి ఒక కుళాయిలోంచి నీళ్లు పోస్తే రెండో కుళాయిలోంచి బుడగలు లేకుండా రావాలి. అప్పుడు పంపు కొట్టి, మీట నొక్కి, ముల్లు చూడాలి. పది నిమిషాల పని. 4 చూపిస్తే సప్లయర్ మనిషి చేత అక్కడే అడ్మిక్స్చర్ వేయించి డ్రమ్ము తిప్పించి మళ్లీ కొలవండి. అప్పటికీ నాలుగున్నర దాటకపోతే ట్రక్కును వెనక్కి పంపడమే. ఈ పని చేసేవాళ్లను పిలిపించే ఖర్చు దగ్గర పొదుపు చేయకండి.

అపోహ: నున్నగా రుద్దితేనే మంచి పనితనం.

ఎక్కువ పార్కింగ్‌లు పాడయ్యేది ఇందుకే. కాంక్రీటు పోశాక కొంత నీరు పైకి తేలుతుంది. ఆ నీరు మీద ఉండగా తాపీ పెట్టి రుద్దితే అది పైపొరలోనే కలిసిపోతుంది. అక్కడ నీరు-సిమెంటు నిష్పత్తి అమాంతం పెరిగి పైపొర బలహీనపడుతుంది. ఉక్కు తాపీతో ఇంకా నొక్కి రుద్దితే, డబ్బు పెట్టి కొనుక్కున్న గాలి బుడగలు పైన చితికిపోతాయి, కిందినుంచి వచ్చే నీటికి దారి కూడా మూసుకుపోతుంది. కుంచెతో నీళ్లు చిలకరించి రుద్దడం, పైన పొడి సిమెంటు చల్లి మెరుగు తేల్చడం ఇంకా చేటు. మన వరండాలో అద్దంలా మెరిసే గచ్చు ఇక్కడ మొదటి మార్చికే అప్పడంలా లేస్తుంది.

బద్దతో మట్టం లాగగానే, నీరు తేలకముందే బుల్ ఫ్లోట్ (పొడుగు కర్రకు బిగించిన వెడల్పాటి బల్ల) ఒకసారి వేయండి. తర్వాత చేతులు కట్టుకుని కూర్చోండి. పైన నీటి మెరుపు పూర్తిగా పోవాలి. బూటు పెడితే 6 మిల్లీమీటర్ల లోపు అచ్చు పడాలి. అప్పుడు చీపురు గీతలు వాలుకు అడ్డంగా లాగి వదిలేయండి, కార్లూ మనుషులూ జారకుండా పట్టు ఉంటుంది. ఒక జాగ్రత్త: గాలి బాగా వీస్తే పైపొర ఆరినట్టు కనిపిస్తుంది, అడుగున నీరు ఇంకా కదులుతూనే ఉంటుంది. మెరుపు పోయిందని తొందరపడితే పెచ్చు అక్కడే తయారవుతుంది.

అపోహ: గట్టిగా ఉంది, కాసిని నీళ్లు కలిపితే ఏం కాదు.

ఘనమీటరుకు 340 కిలోల సిమెంటు, 153 లీటర్ల నీరు ఉంటే నిష్పత్తి 0.45. డ్రైవరును అడిగి ఘనమీటరుకు 15 లీటర్లు పోయిస్తే అది 0.49 దాటుతుంది. స్లంప్, అంటే పచ్చి కాంక్రీటు ఎంత జారుగా ఉందో చెప్పే కొలత, 100 మి.మీ. దగ్గర ఆపండి. ఇంకా జారుగా కావాలంటే నీళ్లు పెంచకుండానే జారుతనం ఇచ్చే ప్లాస్టిసైజర్ అడగండి.

అపోహ: క్యూరింగ్ అంటే వారం రోజులు నీళ్లు నిలబెట్టడమే.

జూన్‌లో తప్పు లేదు. అక్టోబరులో పోసి మడి కడితే, నీళ్లు తాగి నిండిన పసి కాంక్రీటును మీరే మంచుకు అప్పగించినట్టు. చీపురు గీతలు పడగానే లోపలి తడి ఆవిరైపోకుండా ఆపే తెల్లరంగు పూత (క్యూరింగ్ కాంపౌండ్), లీటరుకు 5 చదరపు మీటర్ల చొప్పున కొట్టించండి. తెలుపు ఎందుకంటే, వదిలేసిన చోటు కంటికి కనిపిస్తుంది.

తర్వాత గుర్తుంచుకోవాల్సినవి మూడు అంకెలు. మొదటిసారి గడ్డకట్టేలోపు కాంక్రీటుకు 3.5 మెగాపాస్కల్ రావాలి. తడిసి పదే పదే గడ్డకట్టే ముందు 24 రావాలి. ఉప్పు తగిలేనాటికి 31 రావడమే కాదు, ఒక నెలైనా గాలికి ఆరి ఉండాలి. అందుకే మిన్నెసోటాలాంటి చోట సెప్టెంబరు దాటాక పోయడం కంటే వసంతం దాకా ఆగడమే నయం. ఆగలేకపోతే గడ్డకట్టిన నేల మీద మాత్రం పోయొద్దు. కాంక్రీటు 13 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా దిగాలి, పైన ఇన్సులేషన్ దుప్పట్లు కప్పాలి. అంచులూ మూలలూ ముందు చల్లారతాయి, అక్కడ రెండు పొరలు వేయించండి.

అపోహ: కాల్షియం క్లోరైడ్ కలిపితే గడ్డకట్టదు.

అది యాంటీఫ్రీజ్ కాదు. సిమెంటు త్వరగా గట్టిపడేలా చేస్తుందంతే, దుప్పట్లు ఎలాగూ కప్పాల్సిందే. సిమెంటు బరువులో 2 శాతం మించకూడదు. ఇనుము ఉన్నచోట క్లోరైడ్ లేనిది వాడండి.

అపోహ: మెష్ వేస్తే పగలదు.

మెష్, అంటే శ్లాబులో వేసే ఇనుప జాలీ, పగులును ఆపదు, పగిలాక విడిపోకుండా పట్టుకుంటుంది. అదీ శ్లాబు పైభాగంలో ఉంటేనే. చాలాచోట్ల కూలీల కాళ్ల కింద నలిగి నేల మీదే పడుంటుంది. పగులు ఎలాగూ వస్తుంది కాబట్టి ఎక్కడ రావాలో మనం నిర్ణయిస్తాం, జాయింట్లు కోసేది అందుకే. ఎడం శ్లాబు మందానికి 24 నుంచి 30 రెట్లు. 125 మి.మీ. మందమైతే 3 నుంచి 3.75 మీటర్లు. ఎంత మందమైనా 4.5 మీటర్లు దాటొద్దు. గళ్లు చతురస్రానికి దగ్గరగా ఉండాలి. కోత లోతు మందంలో నాలుగో వంతు, అంటే ఇక్కడ 32 మి.మీ. కోసే వేళను గడియారం చూసి తేల్చలేం: ఓ జానెడు కోసి చూడండి, అంచున కంకర రాళ్లు ఊడుతుంటే ఇంకాసేపు ఆగాలి. ఊడకపోతే ఆ నిమిషమే మొదలెట్టాలి. రాత్రి ఎనిమిదైనా సరే, రేపు చూద్దామంటే పగులు మీకంటే ముందే గీత గీసేస్తుంది. దీపస్తంభాలు, మ్యాన్‌హోళ్ల చుట్టూ పూర్తి లోతు ఫోమ్ పెట్టి శ్లాబును విడదీయండి.

కార్లకు 100 మి.మీ. సరిపోవచ్చు. చెత్త లారీ వచ్చే దారికీ, డబ్బాలు పెట్టే చోటికీ 150కి తగ్గొద్దు. ఈ లారీని లెక్కలో మరచిపోయే డ్రాయింగులు బోలెడు.

అపోహ: కింద కంకర మందంగా వేస్తే నేల ఉబ్బదు.

నేల ఉబ్బాలంటే మూడు కలవాలి: నీటిని పైకి లాగే ఒండ్రు మట్టి, నీరు, చలి. మిన్నెసోటాలో పునాదులకు లెక్కవేసే మంచు లోతు, అంటే నేల గడ్డకట్టే లోతు, దక్షిణాన 42 అంగుళాలు, ఉత్తరాన 60. అంత లోతు కంకర ఎవరూ పోయలేరు. చేయగలిగింది నేలంతా ఒకే తీరుగా ఉంచడం. ఒండ్రు మట్టి గుంటలు తవ్వి తీసి, చుట్టూ ఉన్న మట్టితోనే నింపి దిమ్మిస కొట్టాలి. అంతా ఒకేలా లేస్తే నష్టం తక్కువ, ఒక మూల లేచి ఇంకో మూల లేవకపోతేనే శ్లాబు విరుగుతుంది. నీటిని తప్పించడం మీ చేతిలో పనే. వాలు మీటరుకు 20 మి.మీ. ఇవ్వండి, 10కి తగ్గనివ్వకండి. తోసిన మంచు కుప్ప పల్లపు వైపునే పడాలి. ఎత్తున పోస్తే పగలు కరిగిన నీరు పార్కింగంతా పారి రాత్రికి అద్దమవుతుంది.

అపోహ: "కాంక్రీటుకు హాని లేదు" అని సంచి మీద రాస్తే ఏ ఉప్పైనా వాడొచ్చు.

అమ్మోనియం నైట్రేట్, అమ్మోనియం సల్ఫేట్ ఉన్నవి, అంటే ఎరువులు, కాంక్రీటును నేరుగా తినేస్తాయి. వాటిని దగ్గరికి రానివ్వకండి. మెగ్నీషియం క్లోరైడ్ సిమెంటు ముద్దను పాడుచేస్తుంది. కాల్షియం క్లోరైడ్ చిక్కగా జాయింట్లలో చేరితే, సున్నా డిగ్రీల కంటే పైన ఉన్న వేడిలోనే సిమెంటులోని సున్నంతో కలిసి ఆక్సీక్లోరైడ్‌గా ఉబ్బి అంచులు రాల్చేస్తుంది. ఫ్లైయాష్, స్లాగ్ (ఇనుము కొలిమి చిట్టెం పొడి) ఆ సున్నాన్ని తగ్గిస్తాయి. అలాగని ఉప్పు తగిలే చోట ఫ్లైయాష్ 25 శాతం, స్లాగ్ 50 శాతం దాటనివ్వకండి, పెచ్చులు ఎక్కువవుతాయి. మొదటి చలికాలం ఇసుకతోనే సరిపెట్టుకోండి. తర్వాతైనా మామూలు ఉప్పు, కొద్దికొద్దిగా. 28 రోజులు దాటి బాగా ఆరాక సైలేన్ సీలర్ (నీటిని ఇంకనివ్వని మందు) కొట్టిస్తే నీరు తక్కువ పీలుస్తుంది. అది కొన్నేళ్లకోసారి మళ్లీ కొట్టించాల్సిందే.

అపోహ: పెచ్చులూడితే పైన సిమెంటు పూత పూస్తే సరి.

మరుసటి శీతాకాలానికి ఆ పూతే ముందు ఊడుతుంది. కింద బలహీనమైన పొర అలాగే ఉండిపోతుంది కదా. ముందు బరువైన గొలుసు ఈడ్చుకుంటూ నడవండి. గణగణమంటే గట్టిది, డొల్లగా మోగితే విడిపోయింది. డొల్ల చోట సుద్దతో గీసి, గట్టి కాంక్రీటు తగిలేదాకా చెక్కించి, దుమ్ము పోయేలా కడిగి, గాలి కలిపిన మరమ్మతు కాంక్రీటే వేయించండి. పాడు జాయింటు దాకా పాకి ఉంటే ఆ గడి మొత్తం కోసి తీసి కొత్తగా పోయించడమే చవక.