కెమిస్ట్రీ ల్యాబ్ మార్కులు: అపోహలు - వాస్తవాలు

"మేడమ్, ఆన్సర్ ఎంత రావాలి?" హైస్కూల్ ల్యాబ్‌లో నేను ఎక్కువగా వినే ప్రశ్న ఇదే. బ్యూరెట్ (ద్రావణాన్ని చుక్కచుక్కగా వదిలే, గీతలున్న పొడవాటి గాజు గొట్టం) నింపకముందే అడిగేస్తారు. తప్పు పిల్లలది కాదు. మార్కులు ఎక్కడ పడతాయో మేం టీచర్లం వాళ్లకు విడమరిచి చెప్పడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: సరైన విలువ వస్తేనే మార్కులు.

వాస్తవం: దిద్దేటప్పుడు నేను ముందు చూసేది రీడింగుల పట్టిక. చివరి జవాబు సంగతి తర్వాత. ఫ్లాస్క్‌లోని ఆమ్లాన్ని తటస్థం చేయడానికి బ్యూరెట్ నుంచి ఎంత క్షారం పట్టిందో కొలిచే టైట్రేషన్‌నే తీసుకోండి. మామూలు బ్యూరెట్ మీద గీతలు 0.1 మి.లీ. చొప్పున ఉంటాయి. రెండు గీతల నడుమ కంటితో అంచనా కట్టి 0.05 దాకా చదవవచ్చు. కాబట్టి 10.40 అనో 10.45 అనో రాయాలి. ఉత్త "10" అని రాస్తే ఎంత జాగ్రత్తగా చదివారో నాకు తెలిసే దారి లేదు. రెండు రీడింగులు 0.1 మి.లీ. తేడాలోపు కలిశాయంటే చేయి కుదిరినట్టే.

ఒక అమ్మాయి నోట్‌బుక్ ఇప్పటికీ కళ్ల ముందుంది. మొదటి రీడింగ్ 10.80. దాని మీద పెన్నుతో ఒక్క అడ్డగీత కొట్టి, పక్కన చిన్న అక్షరాలతో "కింద మూతిలో గాలి బుడగ ఉంది, మధ్యలో పోయింది" అని రాసింది. ఆ కింద 10.45, 10.40. బుడగ ఖాళీ చేసిన చోట ద్రావణం నిండింది. అది ఫ్లాస్క్‌లో పడకపోయినా లెక్కలోకి వచ్చింది, అందుకే రీడింగ్ పెరిగింది. ఆ అమ్మాయికి వచ్చిన చివరి విలువ అసలు విలువకు కాస్త దూరంగానే ఉంది. అయినా పూర్తి మార్కులు వేశాను. అదే రబ్బరుతో చెరిపేసి 10.40 అని దిద్ది ఉంటే, ఏం జరిగిందో ఆ అమ్మాయికీ గుర్తుండేది కాదు, నాకూ తెలిసేది కాదు. రికార్డు పెన్నుతోనే రాయమని పట్టుబట్టేది ఇందుకే.

అపోహ: గులాబీ రంగు ఎంత బాగా కనిపిస్తే ఎండ్ పాయింట్ (టైట్రేషన్ ఆపాల్సిన చోటు) అంత కచ్చితం.

వాస్తవం: ముదురు గులాబీ వచ్చిందంటే క్షారం ఎక్కువైపోయినట్టే. క్షారంలో గులాబీగా మారే సూచిక ఫినాఫ్తలీన్‌తో కావలసింది లేత గులాబీ, అది ఫ్లాస్క్ తిప్పాక కూడా ఒక 30 సెకన్లు నిలవాలి. ఆ తర్వాత రంగు వెలిసిపోయినా కంగారు పడి ఇంకో చుక్క వేయకండి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి ఆ కొంచెం క్షారాన్నీ తటస్థం చేస్తుంది. ఫ్లాస్క్ కింద తెల్లకాగితం పెట్టుకోండి, సగం ఇబ్బంది తీరిపోతుంది.

అపోహ: గాజు సామాను ఏదైనా ఒకేలా కడిగితే చాలు.

వాస్తవం: వైవాలో (నోటి పరీక్షలో) నేను తప్పకుండా అడిగేది ఇదే. బ్యూరెట్‌ను, పిపెట్‌ను (కొలిచిన ద్రావణాన్ని ఫ్లాస్క్‌లో వేసే గొట్టం) వాటిలో పోయబోయే ద్రావణంతోనే చివరిసారి కడగాలి, లేకపోతే లోపలి తడి దాన్ని పలుచన చేస్తుంది. ఫ్లాస్క్‌ను మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తోనే కడగాలి. అందులో నీళ్లు మిగిలినా నష్టం లేదు, పిపెట్‌తో వేసిన ఆమ్లం మోల్స్, అంటే అందులో ఉన్న ఆమ్లం మొత్తం, మారవు. అదే ఆమ్లంతో కడిగితే లెక్కలో లేని ఆమ్లం అదనంగా చేరుతుంది. ఇది అర్థమైన పిల్లలు కడిగే పద్ధతిని బట్టీ పట్టనక్కర్లేదు.

అపోహ: ఫలితం తప్పితే "మానవ తప్పిదం" అని రాస్తే సరిపోతుంది.

వాస్తవం: ఆ మాటకు నేను ఒక్క మార్కు కూడా వేయను. ఏ పొరపాటు, దానివల్ల విలువ పెరిగిందా తగ్గిందా, అది రాయాలి. నీలి కాపర్ సల్ఫేట్ స్ఫటికాల్లో బరువు ప్రకారం సుమారు 36 శాతం నీరు ఉంటుంది. వేడిచేసి చూస్తే మీకు 31 వచ్చిందనుకోండి. "పొడిలో ఇంకా నీలి ఛాయ ఉంది, నీరంతా పోలేదు, మళ్లీ వేడిచేసి బరువు మారకుండా నిలిచే దాకా తూచాల్సింది" అని రాయండి. 42 వస్తే, పొడి బయటికి చిందిందా, నల్లబడిందా అని చూడండి. నల్లబడితే సల్ఫేటే విడిపోయిందన్నమాట.

అపోహ: ఇద్దరం కలిసి చేశాం కాబట్టి రికార్డు కూడా ఒకటే.

వాస్తవం: రీడింగులు ఇద్దరివీ ఒకటే. లెక్క, చర్చ మాత్రం ఎవరివి వాళ్లవే.

అపోహ: నా ప్రయోగం అయిపోయింది కదా, కళ్లద్దాలు తీసేయవచ్చు.

వాస్తవం: మీది అయిపోయింది, పక్కవాళ్ల పరీక్షనాళిక ఇంకా మంట మీదే ఉంది. ల్యాబ్‌లో ఆఖరి బర్నర్ ఆరి, సామాను కడిగి సర్దేదాకా రక్షణ కళ్లద్దాలు తీయకూడదు. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో పోయకూడదు. వీటిలో తప్పితే మార్కులు అక్కడికక్కడే తగ్గిస్తాను, ఎందుకు తగ్గించానో కూడా అప్పుడే, ఆ బెంచీ దగ్గరే చెబుతాను.