పాత నీళ్లలో బతికిన చేప కొత్త నీళ్లలో ఎందుకు పోయింది?

హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: "రెండేళ్లుగా అక్వేరియంలో నీళ్లు తగ్గినప్పుడల్లా ఆర్వో నీళ్లే పోస్తున్నాం. చేపలు బాగానే ఉండేవి. మొన్న నీళ్లు పసుపురంగుకు తిరిగాయని సగం తీసేసి బోరు నీళ్లు పోశాం. తెల్లారేసరికి గోల్డ్‌ఫిష్‌లన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మధ్యాహ్నానికి మూడు పోయాయి. బోరు నీళ్లలో విషం ఉందా?"

విషం తొట్టిలోనే ఉండి ఉంటుంది, అదీ చాలాకాలంగా. బోరు నీళ్లు దాని రూపం మార్చాయి. నాకు అక్వేరియం కెమిస్ట్రీ మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. కాబట్టి ఫిల్టర్ ఏది కొనాలి, మేత ఎంత వేయాలి లాంటివి ఈసారికి వదిలేస్తున్నాను.

చేప తన ఒంట్లోని అమ్మోనియాను ఎక్కువగా మొప్పల గుండానే వదిలేస్తుంది. నీటిలో అది రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి మామూలు అమ్మోనియా. రెండోది, ఒక హైడ్రోజన్ అయాన్‌ను తగిలించుకుని ఛార్జి తెచ్చుకున్న అమ్మోనియం. మొప్పను కిక్కిరిసిన సిటీ బస్సు తలుపు అనుకోండి. చేతిలో పెట్టె ఉన్నవాడు లోపలికి దూరలేడు, ఖాళీ చేతులవాడు దూరిపోతాడు. హైడ్రోజన్ అయానే ఆ పెట్టె. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) తక్కువగా ఉందంటే స్టాపులో పెట్టెలు కుప్పలుగా ఉన్నట్టు, దాదాపు ప్రతివాడి చేతిలోనూ ఒకటి ఉంటుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే పెట్టెలు పదో వంతుకు పడిపోతాయి, ఖాళీ చేతులవాళ్లు సుమారు పది రెట్లవుతారు. ఇంకో చిక్కు ఉంది. దిగాల్సినవాళ్లదీ అదే తలుపు. బయట ఖాళీ చేతులవాళ్లు తోసుకొస్తుంటే లోపలివాళ్లు దిగలేరు. చేప ఒంట్లో పుట్టిన అమ్మోనియా కూడా ఒంట్లోనే ఉండిపోతుంది.

ఇప్పుడు లెక్క. 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 6లో మొత్తం అమ్మోనియాలో విషరూపం, అంటే ఖాళీ చేతుల మామూలు అమ్మోనియా, 0.057 శాతం. 7లో 0.57, 8లో 5.4 శాతం. పాఠకుడి తొట్టిలో పీహెచ్ 6, మొత్తం అమ్మోనియా లీటరుకు 4 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. విషరూపం 0.002 మిల్లీగ్రాములే, చేప హాయిగా ఈదుతుంది. సగం నీళ్లు మార్చాక మొత్తం అమ్మోనియా 2కి తగ్గింది. కానీ బోరు నీళ్ల వల్ల పీహెచ్ 7.8కి చేరితే విషరూపం 0.07 మిల్లీగ్రాములు. సరుకు సగమైంది, విషం 30 రెట్లయింది! ఇంటర్‌లో బలహీన క్షారాల లెక్కలు వందల కొద్దీ చేయిస్తారు కదా, ఒక్క గాజుతొట్టి చూపించి ఈ లెక్క చేయిస్తే ఎంత బాగుంటుందో. లవణాలు ఒక్కసారిగా పెరగడం కూడా చేపకు దెబ్బే, కానీ ఇక్కడ నా అనుమానం ముందు అమ్మోనియా మీదే.

అసలు పీహెచ్ 6కి ఎందుకు దిగింది? ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ పనిలో ఆమ్లం పుడుతుంది. 1 గ్రాము అమ్మోనియా నైట్రోజన్ మారడానికి 7 గ్రాముల కాల్షియం కార్బనేట్‌కు సమానమైన ఆల్కలినిటీ (ఆమ్లాన్ని అణిచే నిల్వ) ఖర్చవుతుంది. ఆర్వో నీళ్లలో ఆ నిల్వ దాదాపు ఉండదు. నిల్వ అయిపోగానే పీహెచ్ జారుతుంది, 6 దగ్గర ఆ బ్యాక్టీరియా బాగా మందగిస్తాయి, అమ్మోనియా పోగుపడుతుంది. ఈ రెండు మెట్ల పనిని ఒకే బ్యాక్టీరియా చేయలేదని వందేళ్లకు పైగా నమ్మారు. 2015లో నైట్రోస్పైరా జాతిలో రెండూ చేసేవి దొరికాయి. వాటిలో కొన్ని దొరికింది చేపలు పెంచే తొట్టికి కట్టిన ఫిల్టర్‌లోనే!

భీమవరం, కైకలూరు వైపు ఆక్వా రైతులకు ఇది కొత్త కాదు. చెరువులో నాచు పగలు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటే మధ్యాహ్నానికి పీహెచ్ పెరుగుతుంది. అందుకే ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూసుకుంటారు. నగరంలో మాత్రం చేప చస్తే "ఇంటి దిష్టి తీసుకుపోయిందిలే" అని ఇంకోటి కొంటారు. ఆ కొత్తదీ అదే నీళ్లలో పడుతుంది.

పాఠకుడికి నా సలహా: ముందు మేత ఆపండి. గాలి పంపు వేయండి. అమ్మోనియా, పీహెచ్ రెండూ కొలవండి. మామూలు కిట్ చూపేది మొత్తం అమ్మోనియానే, పక్కన పీహెచ్ లేకపోతే ఆ అంకె సగం సమాచారమే. పీహెచ్ ఇప్పటికే పెరిగి, అమ్మోనియా ఇంకా కనిపిస్తుంటే ఆగొద్దు, అదే పీహెచ్ ఉన్న నీళ్లతో మళ్లీ మార్చండి, అమ్మోనియాను కట్టేసే కండిషనర్ వేయండి. పీహెచ్ ఇంకా తక్కువగానే ఉంటే రోజుకు పదో వంతుకు మించి మార్చకండి. కుళాయి నీళ్లయితే యాంటీ క్లోరిన్ చుక్కలు తప్పనిసరి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగొద్దు, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. ఇకమీదట ఆర్వో నీళ్లలో కొంత బోరు నీళ్లు కలిపి వాడండి, ప్రతివారం ఒకే పాళ్లలో. బ్యాక్టీరియా మళ్లీ పుంజుకునేటప్పుడు కొన్నాళ్లు నైట్రైట్ పెరగొచ్చు, అదీ కొలుస్తూ ఉండండి.