స్కోప్ బిగించగానే గురి కుదిరిపోదు: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో పిల్లలకు ఎయిర్ రైఫిల్ నేర్పుతుంటాను. కొత్తగా వచ్చేవాళ్లలో చాలామంది మంచి రైఫిల్ మీద పనికిరాని స్కోప్ (గురి చూసే చిన్న టెలిస్కోప్) పెట్టుకొస్తారు. ఆ డబ్బు వృథా కాకూడదనే ఇది రాస్తున్నాను.

అపోహ: పోటీలకు స్కోప్ కావాలి.

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో టెలిస్కోప్‌కి అనుమతే లేదు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచింది పీప్ సైట్‌తోనే, అంటే చిన్న రంధ్రంలోంచి చూసి గురిపెట్టే సాధనంతోనే. మీ వాడిది ఆ దారే అయితే స్కోప్ కొనకండి.

అపోహ: జూమ్ ఎక్కువైతే గురి తప్పదు.

చేతి వణుకు కూడా అంతే పెద్దగా కనిపిస్తుంది. అది చూసి పిల్లలు కంగారుగా ట్రిగ్గర్ లాగేస్తారు. పెరట్లోనో మామిడితోటలోనో 10 నుంచి 25 మీటర్ల దూరానికి 4 నుంచి 6 రెట్లు చాలు. ఇసుక సంచి మీద ఆనించి 50 మీటర్లు కొట్టేవాళ్లకైతే ఎక్కువ జూమ్ ఉపయోగమే.

అపోహ: పెద్ద తుపాకీ కుదుపునే తట్టుకునే స్కోప్ ఎయిర్ రైఫిల్ మీద ఇట్టే నిలుస్తుంది.

అన్నిటికన్నా నష్టం చేసేది ఇదే. స్ప్రింగ్ బలంతో పేలే ఎయిర్ రైఫిల్ మొదట వెనక్కి తన్ని, లోపలి పిస్టన్ ఆగగానే ముందుకు కుదుపుతుంది. ఈ రెండో కుదుపుకి తయారుకాని స్కోప్‌లో లోపలి అద్దాలు సడలిపోతాయి. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కి తగినదేనా అని అడిగి మరీ కొనండి. పైగా పెద్ద తుపాకుల స్కోపులు సాధారణంగా 100 గజాలకు సరిచేసి ఉంటాయి. రైఫిల్‌ని సంచుల మీద కదలకుండా పెట్టి, చెయ్యి తగలకుండా, కన్ను అటూ ఇటూ జరిపి చూడండి. 10 మీటర్ల దూరంలోని కాగితం మీద స్కోప్‌లోని క్రాస్ (అడ్డం, నిలువు గీతల గుర్తు) జారుతూ కనిపిస్తుంది. అదే పారలాక్స్. ముందు అద్దం దగ్గర, 10 గజాల దూరానికి కూడా సరిచేసుకునే రింగు ఉన్న స్కోప్ తీసుకుంటే ఈ బాధ ఉండదు.

అపోహ: స్క్రూలు ఎంత బిగిస్తే అంత గట్టి.

స్కోప్ ట్యూబ్ నొక్కుకుపోతుంది. ట్యూబ్‌ని పట్టి ఉంచే రింగుల స్క్రూలు ఒకదాని తర్వాత ఒకటి, ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. స్కోప్ వెనక్కి జారకుండా ఆపేది స్క్రూల బిగువు ఒక్కటే కాదు. మౌంట్ (ఆ రింగులున్న పట్టు) అడుగున ఉండే స్టాప్ పిన్ రైఫిల్ మీది రంధ్రంలో కూర్చోవాలి. బిగించేముందు ఎదురుగా దారానికి బరువు కట్టి వేలాడదీసి, క్రాస్‌లోని నిలువు గీత ఆ దారానికి సమంగా వచ్చేదాకా ట్యూబ్ తిప్పుకోండి.

అపోహ: గురి సరిచేసే మరను రెండు క్లిక్కులు తిప్పినా పెల్లెట్ (చిన్న సీసపు గుండు) పడే చోటు కదల్లేదు, స్కోప్ పాడైంది.

క్లిక్కుకి పావు అంగుళం అన్నది 100 గజాల లెక్క. 10 మీటర్ల దగ్గర ఒక క్లిక్కు సుమారు 0.7 మిల్లీమీటర్లే. సెంటీమీటరు జరపాలంటే 14 క్లిక్కులు తిప్పాలి. ముందు అయిదు పెల్లెట్లు కొట్టి, వాటి రంధ్రాల నడిమి చోటు చూసుకుని తిప్పండి. ఒక్క రంధ్రం చూసి తిప్పొద్దు.