వందలో ఒకటి తగిలితే చేతికి ఎనభై

తాడిపత్రిలో రాసినా ప్రొద్దుటూరులో రాసినా మట్కా చీటీ లెక్క ఒక్కటే. 00 నుంచి 99 దాకా ఉన్న వంద జోడీల్లో ఒకటి తగలాలి. తగిలితే రూపాయికి 80 ఇస్తారనుకుందాం. వంద జోడీల మీదా తలా రూపాయి కాస్తే గెలుపు ఖాయం. పెట్టింది 100, వచ్చేది 80. ఒక్క జోడీ మీదే కాసినా సగటు మారదు, రూపాయికి 20 పైసలు పోతాయి. ఇది కూడా అంకె నిజాయితీగా తీస్తేనే. ఏ జోడీ మీద తక్కువ డబ్బు పడిందో నిర్వాహకుడికి ముందే తెలిసే ఆటలో ఆ హామీ ఎవరిస్తారు?

20 పైసలే కదా అనిపిస్తుంది. కానీ గెలిచిన డబ్బు ఇంటికి చేరడం అరుదు, మళ్లీ చీటీలు రాసే బీటరు దగ్గరికే పోతుంది. సగటున 1,000 రూపాయలు ఒక విడతకు 800, రెండో విడతకు 640, పదో విడతకు సుమారు 107 అవుతాయి.

పాత ఫలితాల చార్టు దగ్గర పెట్టుకుని 'ఈ నంబరు చాన్నాళ్లుగా రాలేదు, ఇక రావాల్సిందే' అనుకునేవాళ్లున్నారు. నిన్న ఏ అంకె వచ్చిందో ఈరోజు డ్రాకు తెలియదు. 0.99ను వందసార్లు గుణించి చూడండి, 0.366 వస్తుంది. అంటే వంద రోజులు ఒకే జోడీ రాసినవాళ్లలో మూడో వంతుకు పైగా ఒక్కసారీ గెలవరు. నూట ఒకటో రోజూ వాళ్ల అవకాశం ఆ 1 శాతమే. ఓడినప్పుడల్లా పందెం రెట్టింపు చేస్తే ఇంకా ప్రమాదం. 10 రూపాయలతో మొదలెడితే పదకొండో చీటీకి 10,240 కావాలి. అప్పటికే 10,230 పోయుంటాయి.

మన రాష్ట్రంలో మట్కా నేరం, లాటరీ అమ్మకమూ నిషేధమే. కేరళలో 1967 నుంచి ప్రభుత్వమే లాటరీ నడుపుతోంది. అక్కడ మోసం భయం తక్కువే గానీ, లాటరీ బహుమతి మీద 30 శాతం ఆదాయపు పన్ను ఉంది. టికెట్లకు పెట్టిన ఖర్చును అందులోంచి మినహాయించరు.

మరి లాభసాటి లాటరీ ఎప్పుడూ లేదా? ఉంది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 'క్యాష్ విన్‌ఫాల్' టికెట్టు 2 డాలర్లు. పెద్ద బహుమతి 20 లక్షల డాలర్లు దాటినా ఎవరికీ తగలకపోతే, ఆ సొమ్మును చిన్న బహుమతులకు పంచేవారు. ఆ డ్రాలలో టికెట్టు సగటు విలువ ధరను మించేది. అక్కడి ఎంఐటీ విశ్వవిద్యాలయ విద్యార్థుల బృందం లాంటివి లక్షల టికెట్లు కొన్నాయి. ఒకటీ రెండూ కొంటే సగటు మన దాకా రాదు, అందుకే అన్ని కొనాల్సి వచ్చింది. ఆ ఆట 2012లో ఆగిపోయింది. 1992లో అమెరికాలోనే వర్జీనియా లాటరీలో, టికెట్లు మూకుమ్మడిగా కొనే స్టెఫాన్ మాండెల్ బృందం ఏకంగా 70,59,052 నంబరు కలయికలన్నీ కొనబోయింది. గడువులోగా సుమారు 50 లక్షలే కొనగలిగింది. గెలిచింది, కానీ మిగిలిన 20 లక్షల్లో ఆ నంబరు ఉండి ఉంటే మునిగేది.

ఎక్కువసార్లు కట్టింది పోయినా తెలివైన పందెం ఒకటుంది, బీమా. వాన మీదే ఆధారపడిన అనంతపురం వేరుశనగ రైతుకు ఇది కొత్త సంగతి కాదు. కేంద్రం పంటల బీమా పథకమైన ఫసల్ బీమాలో ఖరీఫ్ నూనెగింజలకు రైతు వాటా 2 శాతం, అంటే 30,000 బీమా మొత్తానికి 600. పండిన ఏడు ఆ 600 పోతాయి, అప్పుడు తట్టుకోగలడు. ఎండిన ఏడు, విత్తనానికి తెచ్చిన అప్పు తీర్చుకోవడానికి పరిహారం వస్తుంది. మట్కా చీటీకి ఆ 600 పెడితే, ఎండిన ఏడు కూడా అవి పోవడానికే అవకాశం ఎక్కువ.