పెట్టకు గుడ్డు అడ్డం పడితే లాగకండి

కోడిపెట్ట శరీరంలో మలానికి, మూత్రానికి, గుడ్డుకి బయటికి దారి ఒక్కటే. మరి గుడ్డు శుభ్రంగా ఎలా వస్తుంది? గుడ్డు పెట్టే క్షణంలో అండవాహిక (గుడ్డు తయారై బయటికి వచ్చే గొట్టం) చివరి భాగం లోపలి పొర బయటికి తిరిగి, గుడ్డును మలం అంటకుండా వదిలి, వెంటనే లోపలికి వెళ్లిపోతుంది. ఎర్రగా, తడిగా ఉండే ఆ పొర బయటే ఉండిపోతే దాన్ని ప్రొలాప్స్ అంటారు.

హైదరాబాద్‌లో మేడ మీద రేకుల షెడ్డు వేసి రెండు మూడు పెట్టల్ని ముద్దుగా పెంచుకునే ఇళ్లు చాలానే ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఈ ఎర్రటి ముద్దను చూడగానే పేగులు బయటపడ్డాయని టెన్షన్ పడతారు. నిజానికి రోజూ బయటికి వచ్చి వెళ్లే భాగమే అది, ఈసారి వెనక్కి వెళ్లలేకపోయింది, అంతే. వెంటనే చూసుకుంటే చాలా పెట్టలు బతుకుతాయి.

గుడ్డు అడ్డం పడినా, ఈ పొర బయటే ఉండిపోయినా, అసలు చిక్కు చాలాసార్లు కాల్షియం దగ్గర మొదలవుతుంది. పచ్చసొన అండాశయం నుంచి విడుదలయ్యాక గుడ్డు బయటికి రావడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. అందులో దాదాపు 20 గంటలు పెంకు తయారీకే పోతాయి. ఒక్క పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. రాత్రి కడుపులో మేత అయిపోతే పెట్ట తన ఎముకల్లో దాచుకున్న నిల్వను కరిగించి పెంకు కడుతుంది. గుడ్డును బయటికి నెట్టే కండరాలు ముడుచుకోవడానికీ ఆ కాల్షియమే కావాలి. అది తగ్గిపోతే గుడ్డు తయారై ఉన్నా తోసే బలం ఉండదు. మనం ‘ఇరుక్కుంది’ అంటాం గానీ, చాలాసార్లు దారి ఇరుకు కాదు, కండరం నీరసించింది.

అడవికోడి ఏడాదికి పెట్టేవి కొద్ది గుడ్లే. ఫారం రకాలు 300 దాటిస్తాయి. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ రకం కోడి కూడా నాటుకోడి కంటే బాగా ఎక్కువే పెడుతుంది. ఇలాంటి పెట్టకు నూకలు, మిగిలిన అన్నం వేసి సరిపెడితే ఎముకలు అరిగిపోతాయి. లేయర్ దాణాలో, అంటే గుడ్లు పెట్టే కోళ్ల మేతలో, 3.5 నుంచి 4 శాతం కాల్షియం ఉండేది అందుకే.

మన ఎండ ఇంకో దెబ్బ. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతుంది. అలా రొప్పినప్పుడు రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ పోయి, పెంకు కట్టడానికి కావలసిన కార్బొనేట్ తగ్గుతుంది. పైగా వేడికి మేత ముట్టదు. మెత్తటి పెంకు గుడ్డును కండరాలు సరిగా పట్టి తోయలేవు. రాత్రంతా వెలిగే బల్బు మరో కారణం. వెలుతురు కోడి కపాలం గుండా నేరుగా మెదడుకు చేరి గుడ్లు పెట్టమని తొందరపెడుతుంది. హైదరాబాద్‌లో పగలు జూన్‌లో 13 గంటలు దాటుతుంది, డిసెంబరులో 11 గంటల దగ్గర ఉంటుంది. బల్బు దాన్ని ఇంకా సాగదీస్తుంది. కొవ్వు పట్టిన పెట్టలకు, ఇంకా ఎదగకుండానే గుడ్డుకు వచ్చిన వాటికి, రెండు సొనల గుడ్లు పెట్టేవాటికి ముప్పు ఎక్కువ.

గుడ్డు అడ్డం పడిన పెట్ట తోక కిందికి దించి నిలువుగా నిలబడుతుంది, ముక్కుతుంది, ఈకలు ఉబ్బించి మూలన కూర్చుంటుంది. గుడ్డు నరాల మీద నొక్కితే కాళ్లు ఈడుస్తుంది. పొదుగుడుకు కూర్చున్న పెట్ట ఇలా ఉండదు. చెయ్యి పెడితే కసురుకుంటుంది, రోజుకోసారి లేచి తిని తాగుతుంది.

ఇంట్లో చేయగలిగింది తక్కువే. వెనక భాగం మునిగేలా గోరువెచ్చని నీళ్లలో 20 నిమిషాలు కూర్చోబెట్టి, తుడిచి, వెచ్చగా, చీకటిగా ఉన్న అట్టపెట్టెలో ఉంచాలి. కాల్షియం డాక్టరు చెప్పిన మోతాదులోనే ఇవ్వాలి. గొంతులో బలవంతంగా పోయకూడదు, శ్వాసనాళం ద్వారం నాలుక వెనకే ఉంటుంది, మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొట్ట పిసకడం, గుడ్డు పగలగొట్టడం అసలే వద్దు. పెంకు ముక్కలు లోపల కోస్తాయి, చీము పడుతుంది. కండరాన్ని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్‌ను మందుల షాపులో కొని సొంతంగా పొడిపించడం మరీ ప్రమాదం. దారి తెరుచుకోకుండా కండరం బలంగా ముడుచుకుంటే అండవాహికే చిరిగిపోవచ్చు. కాసేపటికి గుడ్డు రాకపోతే అదే రోజు పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. ఎక్స్‌రేలో గుడ్డు ఎక్కడుందో చూస్తారు, అవసరమైతే సూదితో లోపలి సొన తీసి గుడ్డును చిన్నది చేస్తారు.

ప్రొలాప్స్ అయితే ముందు ఆ పెట్టను మిగతా కోళ్ల నుంచి వేరు చేయాలి. ఎరుపు కనిపిస్తే అవి పొడిచి పొడిచి చంపేస్తాయి. ఈ పని ఆలస్యమైతే పెట్ట దక్కకపోవచ్చు. చేతి తొడుగు వేసుకుని, గోరువెచ్చని ఉప్పునీటితో కడిగి, వాపు ఎక్కువగా ఉంటే పంచదార చల్లితే అది నీటిని లాగి ముద్దను కుదిస్తుంది. మళ్లీ కడిగి, మందుల షాపులో దొరికే జారుడు జెల్లీ రాసి, వేలితో మెల్లగా లోపలికి నెట్టాలి. నల్లబడితే, రక్తం కారితే ముట్టుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ ద్వారం చుట్టూ తాత్కాలికంగా కుట్టు వేస్తారు.

ఆ తర్వాత కొన్ని వారాలు వెలుతురు రోజుకు 8 గంటలకు మించకుండా చూడాలి. తర్వాతి గుడ్డు ఎంత ఆలస్యమైతే ఆ కండరం అంత కోలుకుంటుంది. అయినా కొన్ని పెట్టలకు తిరగబెడుతుంది. ఆల్చిప్పల గుల్ల వేరే గిన్నెలో పెట్టండి, పెట్ట తనకు కావలసినంత ఏరుకుని తింటుంది. దాణాలో కలపకండి. పుంజులకు, గుడ్డుకు రాని పిల్లలకు అంత కాల్షియం మూత్రపిండాలను పాడుచేస్తుంది.